చెరువు వాళ్లది... తూము ఎవరిది?

*అమెరికా పశ్చిమాన యూట్‌లు, తూర్పున ఇరొక్వాయ్‌లు. ఒకరి నేల కింద గ్యాస్ ఉంది, ఒకరి వెనుక శతాబ్దాల నాటి సమాఖ్య ఉంది. ఇద్దరిలోనూ బాగుపడ్డ ఊళ్లున్నాయి, గుక్కెడు నీటికి వెతుక్కునే ఊళ్లూ ఉన్నాయి. తేడా ఎక్కడ పుట్టింది?*

2010 జులై. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో లాక్రాస్ ప్రపంచ పోటీలు మొదలవబోతున్నాయి. చివర వల అల్లిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆ ఆట పుట్టిన జనం వారసులు న్యూయార్క్‌లో బ్యాగులు సర్దుకుని విమానం కోసం కాచుకుని ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి అమెరికా పాస్‌పోర్టులు కావు, కెనడావీ కావు. హోడెనోషోనీ సమాఖ్య, అంటే బయటివాళ్లు ఇరొక్వాయ్ అని పిలిచే ఆరు జాతుల కూటమి, తన మనుషులకు తానే ఇచ్చుకున్న పాస్‌పోర్టులవి. 1977 నుంచి ఆ సమాఖ్య వాటిని ఇస్తోంది. ఈసారి చెల్లవంది బ్రిటన్. ఈ ఒక్కసారికి తిరిగి రానిస్తామని అమెరికా విదేశాంగ శాఖ మాటిచ్చినా బ్రిటన్ వినలేదు. అప్పటికప్పుడు అమెరికా పాస్‌పోర్టులు తీసుకుని విమానం ఎక్కే దారి ఆ కుర్రాళ్లకు తెరిచే ఉంది. వాళ్లు తీసుకోలేదు. ఆడాల్సిన మ్యాచ్‌లు వదులుకుని ఇళ్లకు తిరిగి వెళ్లారు.

ఇప్పుడు అదే జట్టు మళ్లీ వార్తల్లో ఉంది. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లాక్రాస్‌ను చేర్చాలని 2023 అక్టోబర్‌లో నిర్ణయించారు. అదే ఏడాది శాన్ డియేగోలో జరిగిన పురుషుల ప్రపంచ పోటీల్లో హోడెనోషోనీ జట్టు మూడో స్థానంలో నిలిచింది. ఆటలో ప్రపంచంలో మూడోవాళ్లు, ఒలింపిక్స్‌లో మాత్రం సొంత జెండాతో అడుగుపెట్టే వీల్లేదు. జాతీయ ఒలింపిక్ కమిటీ ఉన్న దేశాలకే చోటన్నది అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం మాట. ఆడాలనుకుంటే అమెరికా తరఫునో, కెనడా తరఫునో ఆడమంటోంది. వాళ్లకు సొంత జెండాతో అవకాశం ఇవ్వాలని అమెరికా అధ్యక్షుడే 2023 డిసెంబర్‌లో కోరినా ఆ మాట మారలేదు.

న్యూయార్క్‌కు 2,500 కిలోమీటర్లకు పైగా పశ్చిమాన, కొలరాడో రాష్ట్రం నైరుతి మూలలో, 2021 వేసవిలో కనిపించిన దృశ్యం వేరు. యూట్ మౌంటెన్ యూట్ తెగకు 7,600 ఎకరాలకు పైగా సాగుభూమి ఉంది. పొలం మధ్యలో నిలబడి గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్మే పొడవాటి ఇనుప యంత్రాలు ఆ ఏడాది చాలా మడుల్లో కదలలేదు. మెక్‌ఫీ జలాశయం అడుగంటి, తెగకు రావాల్సిన నీటిలో పదోవంతే వచ్చింది. మొక్కజొన్న, పశుగ్రాసం వేసే నేల బీడు పడింది. పొలం సిబ్బందిలో సగం మందిని పనిలోంచి తీసేయాల్సి వచ్చింది. ఆ యంత్రాల నుంచి రెండు గంటలు కారు నడిపితే ఇగ్నాసియో అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఉండేది అదే యూట్ జనంలో మరో శాఖ, సదరన్ యూట్. వాళ్ల ఉమ్మడి ఆస్తి వందల కోట్ల డాలర్లు.

ఈ మూడు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 'యూట్‌లు మెరుగా, ఇరొక్వాయ్‌లు మెరుగా?' అని అడగడమే సరికాదని తెలుస్తుంది. ఈ రెండు సమూహాల మధ్య ఉన్న తేడా కన్నా, ఒక్కో సమూహం లోపల ఉన్న తేడాయే పెద్దది. దాని వెనుక కారణం నేల సారమో, గ్యాస్ బావులో, కేసినోలో అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఊరికి చెరువు ఉంటే సరిపోదని మన రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఎవరు చెబుతారన్నదే ఆయకట్టు తలరాత. యూట్‌ల కథ, ఇరొక్వాయ్‌ల కథ మొదటి నుంచి చివరి దాకా ఆ తూము కథే.

రిజర్వేషన్ అంటే కోటా కాదు

రిజర్వేషన్ అనగానే మనకు చదువులో, కొలువులో కోటా గుర్తొస్తుంది. అమెరికాలో ఆదివాసుల విషయంలో ఆ మాటకు అర్థం వేరు. ఒకప్పుడు ఒక జనం తిరిగిన విశాలమైన నేలలో, ఒప్పందం పేరుతో అంతా తీసుకోగా వాళ్లకంటూ మిగిల్చి గిరిగీసిన ముక్క అది. దాని మీద తెగకు సొంత ప్రభుత్వం, సొంత కోర్టు, సొంత పోలీసులు ఉండొచ్చు. కానీ భూమిలో ఎక్కువ భాగం ఫెడరల్ ప్రభుత్వం 'ట్రస్టు'గా పట్టుకుని ఉంటుంది. యజమాని మైనరు పిల్లవాడైతే ఆస్తిని సంరక్షకుడు చూసినట్టు. ఆ సంరక్షకుడు దశాబ్దాల పాటు ఎలా చూశాడన్నదాన్ని బట్టే నేటి పరిస్థితులు ఏర్పడ్డాయి.

యూట్‌లు కొండల జనం. గుర్రాలు చేతికొచ్చాక రాకీ పర్వతాల్లో వాళ్ల సంచారానికి ఎదురు లేకుండా పోయింది. 1868 ఒప్పందం కొలరాడో పశ్చిమ భాగంలో సుమారు మూడో వంతు రాష్ట్రాన్ని వాళ్లదని ఒప్పుకుంది. అయిదేళ్లు తిరక్కుండానే శాన్ వాన్ కొండల్లో వెండి, బంగారం బయటపడ్డాయి. 1873లో ఆ కొండలు చేజారాయి. 1879లో వైట్ రివర్ ఏజెన్సీలో నేథన్ మీకర్ అనే ప్రభుత్వ ఏజెంటు, యూట్‌లను ఎలాగైనా రైతులుగా మార్చాలన్న పట్టుదలతో వాళ్ల గుర్రప్పందేల మైదానాన్ని దున్నించాడు. గుర్రం వాళ్లకు ఆస్తి, గౌరవం, పండగ. గొడవ ముదిరి సైన్యం వచ్చింది. మీకర్‌తో పాటు ఏజెన్సీ సిబ్బంది చనిపోయారు. 'యూట్‌లు పోవాల్సిందే' అని కొలరాడో పత్రికలు, రాజకీయ నాయకులు గొంతెత్తారు. 1881లో వైట్ రివర్, అన్‌కంపాగ్రీ శాఖలను తుపాకుల కాపలాతో యూటాకు నడిపించారు. చర్చలతో జనాన్ని కాపాడుకోవాలని చూసిన నాయకుడు యూరే అంతకు ముందు ఏడాదే కన్నుమూశాడు. ఆయన భార్య చిపేటా ఆ వలసలో వెళ్లి, బతుకంతా యూటాలోనే గడిపింది.

ఇరొక్వాయ్‌లది అడవులు, నదీ తీరాల వ్యవసాయం. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి ఒకే మడిలో వేసేవారు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా అనే అయిదు జాతులు తమలో తాము కొట్టుకోవడం మానేసి, శాంతి ధర్మం అనే కట్టుబాటు కింద ఒక్కటయ్యాయి. 1722 ప్రాంతంలో టస్కరోరాలు ఆరోవారిగా చేరారు. యూరోపియన్లు అడుగుపెట్టేనాటికే వాళ్లకు సభ, వాదన, ఏకాభిప్రాయం అలవాటు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ ఇంటిని చీల్చింది. ఒనైడాలు, టస్కరోరాలు ఎక్కువగా వలసవాసుల పక్షం, మిగతావారిలో ఎక్కువమంది బ్రిటిష్ పక్షం. 1779లో జార్జ్ వాషింగ్టన్ పంపిన సైన్యం నలభైకి పైగా ఊళ్లను, కోతకొచ్చిన పొలాలను తగలబెట్టింది. యుద్ధం ముగిశాక కొందరు కెనడా వైపు గ్రాండ్ రివర్ ఒడ్డుకు వెళ్లారు, కొందరు న్యూయార్క్‌లో చిన్న ముక్కల్లో మిగిలారు. తర్వాత ఒనైడాల్లో ఒక భాగం విస్కాన్సిన్‌కు తరలింది.

---

▣ ఎవరెక్కడ?

యూట్‌లు: ఫెడరల్ గుర్తింపు ఉన్న తెగలు మూడు. కొలరాడోలో ఇగ్నాసియో కేంద్రంగా సదరన్ యూట్, సుమారు 1,500 మంది సభ్యులు. టోయాక్ కేంద్రంగా యూట్ మౌంటెన్ యూట్, సుమారు 2,000 మంది. యూటాలో ఫోర్ట్ డుషేన్ కేంద్రంగా యూయింటా-యూరే రిజర్వేషన్‌లోని యూట్ తెగ, సుమారు 3,000 మంది.

ఇరొక్వాయ్‌లు: న్యూయార్క్, విస్కాన్సిన్ రాష్ట్రాలతో పాటు కెనడాలోని ఒంటారియో, క్యుబెక్‌లలో ఉన్నారు. మోహాక్‌ల అక్వెసాస్నే ప్రాంతం మీదుగా అమెరికా, కెనడా సరిహద్దు పోతుంది. ఒంటారియోలోని సిక్స్ నేషన్స్ ఆఫ్ గ్రాండ్ రివర్ జనాభాలో కెనడాలోనే పెద్ద రిజర్వు. ఆరు జాతులూ కలిసి ఉండే రిజర్వు అదొక్కటే.

---

పదేళ్లు ఆగిన చెయ్యి

సదరన్ యూట్ రిజర్వేషన్ కింద శాన్ వాన్ బేసిన్ సహజవాయువు ఉంది. కానీ గ్యాస్ ఉండడానికి, డబ్బు ఉండడానికి మధ్య దశాబ్దాల దూరం నడిచింది. 1950ల నుంచి బావులు తవ్వారు. లీజులు రాసింది ఫెడరల్ ఇండియన్ వ్యవహారాల శాఖ, తవ్వింది బయటి కంపెనీలు, ఎంత తీశారో లెక్క చెప్పింది కూడా వాళ్లే. తెగకు వచ్చింది రాయల్టీ. ఆ లెక్క సరో కాదో చూసే మనిషి కూడా తెగ దగ్గర లేడు. 1966లో ముప్పైల వయసులో ఛైర్మన్ అయిన లెనార్డ్ బర్చ్, అతని మండలి 1974లో తీసుకున్న నిర్ణయం ఈ కథలో మలుపు. కొత్త లీజులు ఇవ్వడం ఆపేశారు. చమురు ధరలు ఆకాశానికెక్కిన దశకంలో, డబ్బు అవసరం గొంతు దాకా ఉన్న జనం, పదేళ్లు చెయ్యి చాచకుండా కూర్చున్నారు. ఆ పదేళ్లలో సొంత ఇంధన విభాగం పెట్టుకున్నారు, పాత లీజుల కాగితాలు తిరగేశారు, బావుల లెక్కలు తీశారు.

1992లో 80 లక్షల డాలర్ల తెగ సొమ్ముతో రెడ్ విల్లో అనే సొంత కంపెనీ పెట్టారు. తమ నేల మీద వేరేవాళ్ల పేరున ఉన్న పాత లీజులను ఆ కంపెనీ ఒక్కటొక్కటే తిరిగి కొంది. తర్వాత గ్యాస్‌ను మోసుకెళ్లే పైపుల వ్యాపారంలో పెద్ద వాటా తీసుకున్నారు. తవ్వేది తామే, మోసేది తామే అయ్యాక రాయల్టీ చిల్లర కాస్తా లాభంగా మారింది. 1999లో ఇంకో గట్టి పని చేశారు. డబ్బును రెండు కుండల్లో వేశారు. ఒకటి ప్రభుత్వాన్ని నడిపేందుకు శాశ్వత నిధి, ఇంకొకటి వ్యాపారాలకు వృద్ధి నిధి. గ్యాస్ అయిపోయే రోజు ఒకటి వస్తుందని ముందే ఒప్పుకుని, ఆ డబ్బుతో ఇతర రాష్ట్రాల్లో భూములు, భవనాలు, మెక్సికో గల్ఫ్‌లో చమురు వాటాలు కొన్నారు. రుణయోగ్యతలో అత్యున్నతమైన మూడు 'ఏ'ల రేటింగ్ తెచ్చుకున్న తొలి ఆదివాసీ తెగ ఇదే. పిల్లల కాలేజీ ఖర్చు తెగ భరిస్తుంది, వృద్ధులకు పింఛను వస్తుంది.

అయితే అదే యూట్‌లు, అదే రాష్ట్రం, పక్కనే ఉన్న టోయాక్ ఎందుకిలా ఉంది? దీనికి వేరు 1895లో ఉంది. ఉమ్మడి నేలను కుటుంబాలకు పంచుకోమని ఆ ఏడాది చట్టం వచ్చింది. తూర్పున ఉన్న శాఖలు పంపకానికి ఒప్పుకున్నాయి. పంచగా మిగిలిన నేల తెల్లవారి సాగుకు పోయింది. అందుకే సదరన్ యూట్ నేల ఇప్పటికీ చదరంగం బల్లలా అతుకులు అతుకులుగా ఉంటుంది. పశ్చిమాన వీమినూచ్ శాఖకు ఇగ్నాసియో అనే నాయకుడు ఉండేవాడు, అతను మాత్రం ఒప్పుకోలేదు. నేల ముక్కలు కాదు, ఉమ్మడిగానే ఉంచుతామన్నాడు. నేల చీలకుండా మిగిలింది, కానీ అది నీళ్లు లేని నేల. 1980ల చివరి దాకా టోయాక్‌లో కుళాయి నీళ్లు లేవు. తాగునీటిని లారీల్లో తెచ్చుకునేవారు. 1988 నీటి ఒప్పందంతో ఆ కష్టం తీరింది. కానీ అందుకు చెల్లించిన ధర పెద్దది. మాంకోస్ నది మీద 1868 నుంచి ఉన్న మొదటి హక్కును పట్టుకు వేలాడకుండా, ప్రభుత్వం కట్టే ప్రాజెక్టు నీటిలో వాటాకు ఒప్పుకున్నారు. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో నీటి చట్టం వరుస చట్టం. ముందు వచ్చినవాడికి ముందు నీళ్లు. కరువులో ముందున్నవాడికి నిండుగా అందుతుంది, ప్రాజెక్టు వాటాదారు ఉన్నదాంట్లో పంచుకోవాలి. 2021లో ఆ ఇనుప యంత్రాలు ఆగింది అందుకే. దురాంగో దగ్గర నైట్‌హార్స్ జలాశయంలో తెగకు నీళ్లున్నాయి. టోయాక్ దాకా తెచ్చే పైపు మాత్రం లేదు. చెరువు పేరు వాళ్లది, తూము వాళ్లది కాదు.

యూటాలోని యూట్‌ల కథ ఇంకా చేదు. వాళ్ల నేల కింద కూడా చమురు, గ్యాస్ ఉన్నాయి, అదీ దండిగా. రిజర్వేషన్ హద్దులు లెక్కవేస్తే దేశంలో రెండో పెద్దది. కానీ 1905లో ఆ నేలను బయటివారి సాగుకు తెరిచారు. మరుసటి ఏడాది కొన్ని వందల మంది యూట్‌లు నిరసనగా బండ్లు, గుర్రాలు కట్టుకుని వేరే చోటు వెతుక్కుంటూ సౌత్ డకోటా దాకా వెళ్లారు. రెండేళ్లకు వెనక్కి రావాల్సి వచ్చింది. 1954లో 'మిశ్రమ రక్తం' లెక్కన 490 మందిని తెగలోంచి తీసేసే చట్టం వచ్చింది. ఉమ్మడి ఖనిజాల్లో వాళ్ల భాగాన్ని షేర్లుగా మార్చారు. ఆ షేర్లను స్థానిక బ్యాంకు ఉద్యోగులు చవగ్గా కొని ఎక్కువకు అమ్ముకున్నారని కేసు నడిచి, 1972లో అమెరికా సుప్రీంకోర్టు ఆ షేర్‌హోల్డర్ల పక్షాన నిలిచింది. 1965లో మరో ఒప్పందం. 15,242 ఎకరాల సాగునీటిని కొన్నాళ్లు వాడకుండా ఆగితే తెగకు జలాశయాలు కట్టిస్తామన్నారు. ఆగారు. సాల్ట్ లేక్ వైపు నీళ్లు వెళ్లాయి. తెగకు చెప్పిన జలాశయాలు రాలేదు. 1992లో కాంగ్రెస్ నష్టపరిహారానికి చట్టం చేయాల్సి వచ్చింది. గ్యాస్ ఉంటే చాలదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

నయాగరా పక్కన కేసినో

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో నయాగరా చూడకుండా వచ్చేవాళ్లు తక్కువ. జలపాతానికి నడిచి వెళ్లేంత దూరంలో కనిపించే పెద్ద హోటల్, కేసినో సెనెకాలవి. కేసినో 2002 డిసెంబర్ 31న మొదలైంది. దాని వెనుక చరిత్ర తెలిసినవాళ్లు తక్కువ. 1794 కానండైగ్వా ఒప్పందంలో సెనెకా నేల జోలికి రామని అమెరికా మాటిచ్చింది. 1960ల్లో కింజువా ఆనకట్ట కట్టి, ఆ మాట తప్పింది. దాదాపు 10,000 ఎకరాలు మునిగాయి, సుమారు 600 మంది ఇళ్లు వదిలారు. నదికి దగ్గరగా పెరిగినవాళ్లను గుట్టమీద వరుస ఇళ్లలోకి మార్చారు, సమాధులను తవ్వి తరలించారు. 1.5 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది. పోలవరం ముంపు ఊళ్ల నుంచి కదిలిన కుటుంబాలకు ఆ పరిహారం లెక్కలో ఏవేవి రావో చెప్పనక్కర్లేదు.

సెనెకాలు కేసినోతో సంపాదించారు. కానీ ఆ తూముకు రెండు తాళాలున్నాయి. ఇతర కేసినోలను దగ్గరకు రానివ్వనందుకు ప్రతిగా, స్లాట్ యంత్రాల ఆదాయంలో గరిష్ఠంగా నాలుగోవంతు రాష్ట్రానికి ఇవ్వాలని ఒప్పందం. 2017లో గడువు తీరిందని సెనెకాలు చెల్లించడం ఆపారు, కోర్టుల్లో ఓడి 2022లో 56 కోట్ల డాలర్లకు పైగా కట్టారు. అందులో పెద్ద భాగాన్ని బఫలో దగ్గర ఫుట్‌బాల్ స్టేడియం కట్టడానికి ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. జూదశాలది రాష్ట్రంతో ఒప్పందం మీద నిలబడ్డ ఆదాయం. సదరన్ యూట్ గ్యాస్ కంపెనీకి, సెనెకా కేసినోకు అసలు తేడా ఇదే. ఒకదాంట్లో నిర్ణయం దాదాపు పూర్తిగా ఇంట్లో ఉంది, మరొకదాంట్లో న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలోనూ ఉంది.

ఒనొండాగాలు ఆ దారే పట్టలేదు. సమాఖ్య సభాగ్ని వెలిగేది వాళ్ల దగ్గరే. కేసినో వద్దన్నారు. ఎన్నికల మండలి వద్దన్నారు. ఇప్పటికీ వంశ మాతలు, అంటే ఒక్కో వంశానికి పెద్దలైన స్త్రీలు, ఎంపిక చేసిన ముఖ్యులే పాలిస్తారు. ముఖ్యుడు దారి తప్పితే వంశ మాతలే దించేస్తారు. చేతిలో ఉన్నది సిరాక్యూస్ నగరం పక్కన 7,300 ఎకరాలు. వాళ్లకు పవిత్రమైన ఒనొండాగా సరస్సులో రసాయన పరిశ్రమలు పాదరసం కలిపాయి. 2005లో వాళ్లు వేసిన భూమి హక్కుల దావాలో ఒక విచిత్రం ఉంది. అందులో డబ్బు అడగలేదు, ఎవరినీ ఇళ్లు ఖాళీ చేయమనలేదు. నేల తమదని ఒప్పుకోమన్నారు, సరస్సును బాగుచేయమన్నారు. కోర్టులు కొట్టేశాయి. అయినా కాలుష్య పరిష్కారంలో భాగంగా 2022లో టల్లీ లోయలో 1,023 ఎకరాలు వాళ్లకు తిరిగి ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. ఒక రాష్ట్రం ఆదివాసీ జాతికి తిరిగిచ్చిన పెద్ద నేలల్లో అదొకటి.

---

▣ ఎత్తు మీద మోహాక్‌లు

1886లో సెయింట్ లారెన్స్ నది మీద రైలు వంతెన కడుతుండగా కనావాకే అనే ఊరి మోహాక్‌లు ఇనుప పనిలోకి వచ్చారు. 1907 ఆగస్టు 29న క్యుబెక్ వంతెన కూలి ఆ ఒక్క ఊరివాళ్లే 33 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఊరి మగవాళ్లందరూ ఒకే పని మీద ఉండొద్దని స్త్రీలు పట్టుబట్టారని చెబుతారు. పని మానలేదు, వేర్వేరు చోట్లకు చెదిరారు. న్యూయార్క్ ఆకాశహర్మ్యాల ఇనుము మీద వాళ్ల చేతులున్నాయి. బ్రూక్లిన్‌లో ఓ మోహాక్ పేటే ఏర్పడింది.

---

చేపలు తినొద్దన్న నది ఒడ్డున

మోహాక్‌ల అక్వెసాస్నే మీద బయటి ప్రభుత్వాలే అయిదు. అమెరికా, కెనడా, న్యూయార్క్, ఒంటారియో, క్యుబెక్. ఒకే ఇంటి నుంచి బడికి వెళ్లాలన్నా దారిలో సరిహద్దు గేటు వస్తుంది. 1950ల్లో సెయింట్ లారెన్స్ ఓడల కాలువ తవ్వాక చవక కరెంటు కోసం ఒడ్డున పెద్ద ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీల్లో ఒకటి నేలలోకి, నీటిలోకి పీసీబీలు అనే విషరసాయనాలు వదిలింది. ఆ స్థలాన్ని కాలుష్య శుద్ధి జాబితాలో చేర్చారు. చేపే ప్రధాన ఆహారమైన ఊరిని చేపలు తినొద్దన్నారు. చనుబాలలో విషం ఉందేమోనన్న భయం తల్లులకు పట్టుకుంది. 1985లో కట్సీ కుక్ అనే మోహాక్ మంత్రసాని, బయటి శాస్త్రవేత్తలు వచ్చి నమూనాలు తీసుకుపోయి నివేదిక రాసే పద్ధతికి ఒప్పుకోకుండా, తల్లులే భాగస్వాములుగా చనుబాల పరిశోధన మొదలుపెట్టింది. పరిశోధన ప్రశ్న ఎవరు వేస్తారన్నది కూడా తూము విషయమే.

గ్రాండ్ రివర్ దగ్గర మరో పాఠం ఉంది. 1784లో బ్రిటిష్ గవర్నర్ హాల్డిమండ్ నదికి ఇరువైపులా ఆరేసి మైళ్ల నేల రాసిచ్చాడు. దాదాపు 9,50,000 ఎకరాల నుంచి ఇవాళ అయిదు శాతం కూడా మిగల్లేదు. అమ్మకాలు, ఆక్రమణలు, సంరక్షకుల చేతివాటం. 1923లో డెస్కాహె అనే కయూగా నాయకుడు జెనీవా వెళ్లి నానాజాతి సమితి తలుపు తట్టాడు, వినలేదు. మరుసటి ఏడాది కెనడా పోలీసులతో వచ్చి సంప్రదాయ సభను మూసేసి, ఎన్నికల మండలిని పెట్టింది. అప్పటి నుంచి ఊళ్లో ప్రభుత్వాలు రెండు. 2006లో కాలెడోనియా దగ్గర ఇళ్ల స్థలం మీద గొడవ లేచినప్పుడు, జనం పక్షాన ఎవరు మాట్లాడాలన్నదే తేలలేదు. 2014లో కొత్త నీటిశుద్ధి కేంద్రం వచ్చినా, చాలా ఇళ్లకు పైపు అందక ఇంకా బావులు, నీటి లారీలే దిక్కు. అక్కడికి ఎంతో దూరంలో లేని బావుల నుంచి ఏళ్ల తరబడి సీసా నీళ్ల కంపెనీ నీళ్లు తోడుకుంది.

'అదృష్టమే కదా' అంటే...

ఈ వాదనకు మూడు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, సదరన్ యూట్‌లది అదృష్టం, 1,500 మందికి అంత గ్యాస్ దొరికితే ఎవరైనా బాగుపడతారన్నది. ఇందులో నిజం ఉంది. లెక్కలో తల తక్కువైతే వాటా పెరుగుతుంది. అదే గ్యాస్ 28 వేల సభ్యులున్న గ్రాండ్ రివర్‌కు దొరికితే అలా ఉండేది కాదు. కానీ అదే గ్యాస్ 1974కు ముందూ అక్కడే ఉంది, బావులూ అక్కడే ఉన్నాయి. మార్పు వచ్చింది గ్యాస్‌లో కాదు, కాగితం మీద సంతకం చేసే చేతిలో. యూటా చమురు ఇంకా గట్టి రుజువు. నేల కింద ఉన్నది అదే, పైన జరిగింది వేరు.

రెండోది, ఆత్మగౌరవం అన్నం పెడుతుందా అన్నది. ఒనొండాగాలు కేసినో వద్దన్నందుకు ఎంత ఆదాయం వదులుకున్నారో అందరికీ తెలుసు. చాలామంది సిరాక్యూస్‌కు వెళ్లి కొలువు చేసుకోవాలి. సొంత పాస్‌పోర్టు పట్టుకుని మ్యాచ్ వదులుకోవడం యువకుడికి తేలిక కాదు. ఈ ఖర్చు నిజం, దాచనక్కర్లేదు. కానీ దావా కొట్టేశాక కాలుష్య పరిష్కారంలో దక్కిన ఆ 1,023 ఎకరాలు ఏ కేసినో లైసెన్సు వల్లా వచ్చేవి కావు. ఏమీ అమ్ముకోకుండా నిలబడ్డవాళ్లకే ఆ బేరం దక్కింది. దాన్ని ఆదాయ లెక్కల్లో సున్నాగా రాసి పేదరికం అనేస్తే చూపు సరికాదు.

మూడో అభ్యంతరం గట్టిది. తూము చేతికొచ్చినా, దాన్ని ఎవరు పట్టుకోవాలన్న తగవు వస్తే? అక్వెసాస్నేలో 1990లో జూదశాల పెట్టాలా వద్దా అన్న గొడవలో ఇద్దరు ప్రాణాలు పోయాయి. యూట్‌లలో రక్తం లెక్కన చీలిక. నిర్ణయాధికారం ఒక్కటే చాలదని ఒప్పుకోవాల్సిందే. ఆ అధికారాన్ని జనం తమదిగా అనుకోవాలి. బర్చ్ మండలి పదేళ్లు లీజులు ఆపితే జనం సహించారు, ఆ మండలి తమదని నమ్మారు కాబట్టి. కెనడా పోలీసులు పెట్టిన మండలికి గ్రాండ్ రివర్‌లో ఇన్నేళ్లయినా ఆ నమ్మకం పూర్తిగా రాలేదు. ఊరిలో చీలిక ఊరి స్వభావం నుంచి పుట్టిందని అనుకునే ముందు, ఆ చీలిక గీత ఎవరు గీశారో చూడాలి.

డబ్బుతో తిరిగి రానిది

పిల్లలను ఎత్తుకెళ్లి బోర్డింగ్ స్కూళ్లలో పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించిన చరిత్ర ఇద్దరికీ ఉంది. కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ స్కూలు అలాంటిదే. ఇప్పుడది దురాంగోలో కాలేజీ. అమెరికా ఆదివాసీ విద్యార్థులెవరికైనా ట్యూషన్ ఫీజు లేదు. ఆ స్థలం రాష్ట్రానికి ఇచ్చినప్పుడు పెట్టిన షరతు అది. యూట్ భాష మాట్లాడేవాళ్లు ఎక్కువగా పెద్ద వయసువాళ్లే. ఎంత డబ్బున్నా సదరన్ యూట్‌లకు ఆ భాష కొనుక్కునే అంగడి లేదు. అందుకే సొంత బడి పెట్టుకున్నారు. డబ్బులేని యూట్ మౌంటెన్ యూట్ కూడా 2021లో టోయాక్‌లో సొంత చార్టర్ బడి తెరిచింది. పిల్లలు ఉదయం యూట్ పాఠం చెప్పుకుంటారు.

ఈ విషయంలో ఇరొక్వాయ్‌లు ముందున్నారు. 1979లో అక్వెసాస్నేలో కొందరు తల్లిదండ్రులు ఏ ప్రభుత్వ గ్రాంటూ లేకుండా బడి మొదలుపెట్టారు, తర్వాత పాఠాలు మోహాక్ భాషలోనే చెప్పసాగారు. ఏటా దుప్పట్లు వేలం వేసి డబ్బు పోగుచేసుకుంటారు. అక్కడ చదివిన పిల్లలు కొందరు ఇప్పుడు అదే బడిలో టీచర్లు. ఆదాయంలో సదరన్ యూట్‌తో పోల్చలేని ఊరిది. భాషలో మాత్రం దానిదే ముందడుగు. పోలిక అంటే ఒక్క కొలబద్దతో కొలవడం కాదనడానికి ఇంకేం చెప్పాలి?

కొలరాడో నదిని పంచుకునే ఇప్పటి నియమాల గడువు 2026తో ముగుస్తుంది. 1922లో ఆ నదిని రాష్ట్రాలు పంచుకున్నప్పుడు బల్ల దగ్గర ఒక్క ఆదివాసీ తెగకూ కుర్చీ వేయలేదు. ఇప్పుడు నదీ పరీవాహకంలోని 30 తెగలు కుర్చీ అడుగుతున్నాయి. వాటిలో యూట్‌ల మూడు తెగలూ ఉన్నాయి. లాస్ ఏంజెలిస్‌లో జెండా అడిగేవాళ్లు, కొలరాడో బల్ల దగ్గర కుర్చీ అడిగేవాళ్లు అడుగుతున్నది ఒకటే, తామూ ఒక జాతి అన్న గుర్తింపు. దానికి ఒప్పుకోవడానికి డబ్బు కూడా పెద్దగా ఖర్చు కాదు.

1794 ఒప్పందంలో ఏటా 4,500 డాలర్ల విలువైన వస్తువులు ఇస్తామని అమెరికా రాసింది. ధరలు ఎంత పెరిగినా ఆ అంకె మారలేదు. అందుకే ఒకప్పుడు మేలైన అచ్చు బట్ట వచ్చేది, ఇప్పుడు పలచని తెల్లటి మస్లిన్ వస్తోంది, అదీ తలకు కొద్దిగానే. ఇరొక్వాయ్‌లు ప్రతి నవంబర్ 11న కానండైగ్వాలో చేరి ఆ ఒప్పందాన్ని గుర్తు చేసుకుంటారు. బట్టను ఇప్పటికీ అడిగి తీసుకుంటున్నారు.